పిలుపు మీది గుర్తు

పెనుకొండ దగ్గర ఆ బావికి ఆయిల్ ఇంజను పెట్టారని పోయిన వారం తెలిసింది. ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తీసేశారట. ఎద్దులను అమ్మేశారట. బావికి ఎగువన ఉండే నల్లబండను పెకలించి ఇంజను కింద వేశారని, అది అదరకుండా బాగా కుదురుకుందని ఆ కబురు తెచ్చినాయన సంతోషంగా చెప్పాడు. ఆ బండ పక్కన నిలబడే మనిషి చనిపోయి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు అతను నిలబడిన చోటు కూడా లేదు.

అతను నాకు హిందూపురం హైస్కూలు నాటి స్నేహితుడు. చదువు ముగిశాక నేను ఇక్కడే గ్రంథాలయంలో ఉద్యోగంలో చేరాను. అతను గణితం చదివి బొంబాయి వెళ్ళి, అక్కడ ఒక పరిశోధన సంస్థలో కంప్యూటర్ దగ్గర పనిచేశాడు. అప్పట్లో మా ఊళ్ళో ఆ మాట విన్నవాళ్ళే తక్కువ. పెళ్ళి చేసుకోలేదు. పేరేమీ రాలేదు. అతని జీవితం గురించి రాయాలంటే ఇంతకంటే ఎక్కువ లేదు. నాకు బాగా గుర్తున్నది అతను మనుషులను పిలవకపోవడం.

ఎవరినీ కేకవేసి పిలిచేవాడు కాదు. మా ఇంటికి వస్తే తలుపు తట్టడు, పేరు పెట్టి పిలవడు. వాకిట్లో నిలబడతాడు. లోపల ఎవరికైనా అలికిడి తెలిసి బయటికి వచ్చేదాకా అక్కడే ఉంటాడు. నా భార్య మొదట్లో బెదిరిపోయేది. తర్వాత అలవాటు పడింది. "మీ స్తంభం వచ్చి నిలబడుకోనుండాది, సూడుపోండి" అని వంటింట్లోంచి అతనికి వినబడేలాగే చెప్పేది. అతను నవ్వేవాడు. మరుసటి రోజు మళ్ళీ అలాగే నిలబడేవాడు.

బొంబాయి నుంచి సెలవు మీద వచ్చేటప్పుడు అతని బండి ధర్మవరంలో చాలాసేపు ఆగేది. అక్కడి శాఖా గ్రంథాలయంలో ఏదో ఒక పని కల్పించుకుని, ఆ వేళకు నేను స్టేషనుకు వెళ్ళి అతనితో కలిసి హిందూపురం దాకా వచ్చేవాణ్ణి. ఒకసారి పెట్టెలోని జనమంతా కిటికీల్లోంచి టీ అమ్మే మనిషిని కేకలు వేసి పిలుస్తున్నారు. అతను మాత్రం కిటికీ పక్కన కూర్చుని ఆ మనిషినే చూస్తున్నాడు. అందరికీ పోసి, చివరకు మా దగ్గరికి వచ్చేసరికి బండి కదలడానికి సిద్ధంగా ఉంది.

"ఏం సామీ, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? ఒక్క కేకేసింటే ఎప్పుడో పోసి పోదును కదా" అన్నాడు టీ ఆయన.

"నీ చేతిలో కాగే కెటిలుండాది. ఎనక నుంచి కేకేస్తే తటాల్న తిరుక్కుంటావు. ఎవురి మిందన్నా పడితే?"

టీ ఆయన అతన్ని కాసేపు చూశాడు. తర్వాత నావైపు తిరిగి, "ఈయప్పను ఒగణ్ణే యాడికీ పంపొద్దప్పా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ప్రయాణంలోనే అతను తన పని గురించి నాకు వివరంగా చెప్పాడు. నేను అడిగితేనే చెప్పాడు. నాకు అర్థమైనంతే ఇక్కడ రాస్తున్నాను. లెక్కను మనిషి సూత్రం రూపంలో రాసిస్తే, దాన్ని యంత్రం చేయగలిగిన చిన్నచిన్న ఆజ్ఞలుగా మార్చే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దాన్ని కంపైలర్ అంటారు. అతను పనిచేసింది దాని మీద. వర్గమూలం తీయడం వంటి పనులు ప్రతి లెక్కలోనూ వస్తుంటాయి కాబట్టి వాటిని ఎవరో ముందే విడిగా రాసి పెట్టి ఉంటారు. అవసరం పడినప్పుడు వాటిని పిలవాలి. ఇవ్వవలసిన అంకెను ఎక్కడ పెట్టాలి, జవాబు ఎక్కడ దొరుకుతుంది, పని అయ్యాక తిరిగి ఎక్కడికి రావాలి అన్నదానికి ఒక ఒప్పందం ఉంటుంది. చాలావరకు అన్నీ ఆ ఒప్పందానికి కట్టుబడతాయి. కొన్ని కట్టుబడవు. కంపైలర్ లేని రోజుల్లో ఎవరో చేత్తో రాసినవి అవి. తమకు తోచిన చోట అంకె కోసం చూస్తాయి, తోచిన చోట జవాబు పెడతాయి, పిలిచినవాడు దాచుకున్నదాన్ని కూడా ఒక్కోసారి చెరిపేస్తాయి. వాటిని రాసినవాళ్ళు వెళ్ళిపోయారు. కానీ అవి తప్పు లేకుండా, వేగంగా పనిచేస్తాయి కాబట్టి పారేయలేరు.

"తిరిగి రాయించేస్తే పోదా?" అన్నాను.

"బాగా పనిచేసేవాణ్ణి నువ్వు మారబ్బా అంటే ఎట్ల? వాని దావకు మనమే పోవాల" అన్నాడు.

కంపైలర్ సూత్రాన్ని ఒకేసారి ఆజ్ఞలుగా మార్చదట. మధ్యలో తన కోసం తాను మరో రూపంలో రాసుకుంటుంది. ఆ రూపంలో, ఇక్కడ ఫలానా దాన్ని పిలవాలి అని ఒక వరుస వస్తుంది. మామూలు పిలుపుకు, ఈ మొండివాటిని పిలిచే పిలుపుకు ఆ వరుసలో తేడా ఎలా చూపాలన్నదే అతని సమస్య. అంతా అయిపోయాక, చిట్టచివర, ఎవరెవరు మొండివాళ్ళో చూసుకుని సర్దుకుంటే చాలని అతని పై అధికారి అన్నాడు. అతను ఒప్పుకోలేదు. గుర్తు పిలుపు మీదే ఉండాలన్నాడు. సూత్రాన్ని మధ్యలో ఎంత తిప్పి రాసినా, ముందుది వెనక్కి పోయినా, పిలుపు ఎక్కడికి పోతే గుర్తు దానితోపాటు పోవాలి. చివర్లో ఆజ్ఞలు రాసేచోట ఇంకెవరినీ అడగనవసరం లేకుండా ఆ గుర్తే చెప్పాలి, దీన్ని ఇలా పిలువు అని.

"పిలిచేవానికి ముందే తెలిసుండాలబ్బా. పిల్చినాంక తెలిస్తే ఏం లాభం" అన్నాడు.

ఈ పిలవకపోవడం అతనికి ఇంట్లోనే అబ్బిందని నేను అనుకునేవాణ్ణి. వాళ్ళది పెనుకొండకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మెట్ట ఊరు. అతని చిన్నప్పుడు వాళ్ళ అవ్వకూ అమ్మకూ పడక, ఏళ్ళ తరబడి మాటలు లేవట. ఏదైనా చెప్పుకోవలసి వస్తే ఇద్దరూ కొట్టంలో పాలిచ్చే ఎనుముకు చెప్పేవాళ్ళట. "ఏమే, ఈ పొద్దు ఈ ఇంట్లో సంగటి కెలికే దిక్కుండాదా?" అని అవ్వ ఎనుమును అడిగేది. "పొయ్యి మింద ఉండాది, కండ్లుంటే కనపడుతుందని చెప్పే" అని అమ్మ ఎనుముకే జవాబిచ్చేది. ఎనుము చచ్చిపోయినప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏడ్చారట. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో మాటే లేకుండా పోయిందట. ఇది చెప్పినప్పుడు మేమిద్దరం బాగా నవ్వుకున్నాం. అయితే అసలు సంగతి ఎనుము కాదని నాకు వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడు తెలిసింది.

ఒక సెలవులో అతనితో పాటు నేనూ పెనుకొండలో దిగాను. అమ్మ, అవ్వ అప్పటికే పోయారు. ఉన్నది వాళ్ళన్న ఒక్కడే. నేరుగా పొలానికి వెళ్ళాం. వాళ్ళన్న కపిల తోలుతున్నాడు. కపిల చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఎద్దులు పల్లపు బాటలో దిగుతూ మోకును లాగితే తోలు బాన నీళ్ళతో పైకి వస్తుంది. దిగేటప్పుడు తోలే మనిషి మోకు మీదే కూర్చుని బరువు వేస్తాడు. నీళ్ళు కాలువలో పడ్డాక దిగి, ఎద్దులను వెనక్కి నడిపిస్తూ మళ్ళీ పైకి ఎక్కుతాడు. దినమంతా ఇదే. పైన గిలక కీచుమని అరుస్తూనే ఉంటుంది. వాళ్ళన్నకు ఒక మోకాలు వంగదు. ఎక్కేటప్పుడు ఆ కాలిని పక్కనుంచి తిప్పి వేస్తున్నాడు.

అతను బావికి దూరంగా నల్లబండ దగ్గర ఆగిపోయాడు. నన్నూ ఆపాడు. వాళ్ళన్న మమ్మల్ని చూశాడు, చూసి తన పని తాను చేసుకుంటూ పోయాడు. నీళ్ళ వంతు అయ్యాక ఎద్దులను విప్పి, కుంటుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"వచ్చినావా" అన్నాడు.

"వచ్చినా" అన్నాడు అతను.

అంతే. ముగ్గురం ఇంటికి నడిచాం. ఆ పూట అన్నం తినేటప్పుడు గాని, పడుకునేటప్పుడు గాని అతను 'అన్నా' అనగా నేను వినలేదు. ప్రేమ లేదా అంటే, వాళ్ళన్న కంచంలో నెయ్యి తక్కువైందని తన దాంట్లోది వంచాడు. పిలుపు మాత్రం లేదు.

తిరిగి స్టేషనుకు వస్తున్నప్పుడు నేను అడిగాను. అతను నడుస్తూనే చెప్పాడు. పరీక్ష ప్యాసై, పై చదువుకు స్కాలర్‌షిప్ వచ్చిందని తెలిసిన రోజు పెనుకొండ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ బండ దగ్గర్నుంచే "అన్నా" అని గట్టిగా కేక వేశాడట. వాళ్ళన్న అప్పుడు మోకు మీద ఉన్నాడు. ఎద్దులు ముందుకు దూకాయి, మోకు తెగింది, అన్న బాటలో పడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది. ఆ కాలితోనే కపిల తోలి తమ్ముణ్ణి చదివించాడు.

"నిన్ను ఏమన్నా అన్నాడా?" అని అడిగాను.

"ఒక్క మాట అనల్యా. ఈనాటికీ అనల్యా."

అనకపోవడమే అతన్ని తినేసిందని నాకు అనిపించింది. ఆ రోజు నుంచి వాళ్ళన్నను పిలవలేదు. వచ్చినప్పుడల్లా ఆ బండ పక్కన నిలబడటం, ఆయనే వచ్చేదాకా ఆగడం. తర్వాత తర్వాత అందరితోనూ అదే అలవాటైంది.

చివరిసారికి ముందు వచ్చినప్పుడు అతను కొంచెం చిక్కి ఉన్నాడు. పని గురించి అడిగితే ఒక తప్పు జరిగిందన్నాడు. ఆ మొండివాటిలో ఒకదాన్ని కొత్తగా చేరిన ఎవరో మామూలు ఒప్పందానికి తగ్గట్టు తిరిగి రాశారట. పిలుపుల మీద మాత్రం ఇతను పెట్టిన పాత గుర్తు అలాగే ఉండిపోయింది. యంత్రం తప్పని చెప్పదు. పాత పద్ధతిలో పిలిస్తే అది అంకె కోసం కొత్త చోట చూసింది, అక్కడున్న మరేదో తీసుకుంది, తిరిగి రావలసిన చోటు తెలియక ఎటో పోయింది. లెక్క తిరిగి రాలేదు. అందరూ అన్ని చోట్లా వెతికారు. అతనూ వెతికాడు.

"గుర్తు నాది కదబ్బా. దాన్నొక్కదాన్నే అనుమానించల్యా" అన్నాడు.

తర్వాతి వేసవిలో కామెర్లతో వచ్చాడు. పెనుకొండలో దిగకుండా నేరుగా హిందూపురం వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. నా భార్య చూసేసరికి గోడకు ఆనుకుని ఉన్నాడు, కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆసుపత్రిలో చేర్చాం. అన్నకు కబురు చేద్దామంటే వద్దన్నాడు, మిరపతోటకు నీళ్ళు కట్టే రోజులు, పని చెడుతుందన్నాడు. కొద్ది రోజుల్లోనే కడుపు ఉబ్బింది. మాట తగ్గింది. సొంతవాళ్ళుంటే పిలిపించమని డాక్టరు నాకు చెప్పాడు. అది అతనికి ఎలా తెలిసిందో, పొద్దున నేను వెళ్ళేసరికి, "అన్నను తోడుకోని రా" అన్నాడు.

నేను బయలుదేరుతుంటే చొక్కా పట్టుకుని ఆపాడు.

"పిలవొద్దబ్బా. బండ కాడ నిలబడు. ఆయనే వస్తాడు."

"తొందరగా రావాల కదప్పా" అన్నాను.

"మోకు మిందుంటాడు. పిలవొద్దు" అన్నాడు. నేను సరేనన్న తర్వాతే చొక్కా వదిలాడు.

పొద్దున బండికి పెనుకొండలో దిగి, ఎండలో నడిచి పొలానికి చేరాను. అన్నీ అతను చెప్పినట్టే ఉన్నాయి. గిలక అరుస్తోంది, వాళ్ళన్న మోకు మీద ఉన్నాడు. నేను బండ పక్కన నిలబడ్డాను. ఆయన పైకి ఎక్కేటప్పుడు నావైపు చూశాడు, మళ్ళీ దిగిపోయాడు. ఇంతకుముందు కూడా ఇలాగే చూసి, పని అయ్యాక వచ్చాడు కదా అనుకున్నాను. కాలువలో నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఎద్దులు దిగుతూ, వెనక్కి ఎక్కుతూ ఉన్నాయి. పిలుద్దామని నోటిదాకా వచ్చేది. చూస్తే ఆయన మోకు మీద ఉండేవాడు. దిగినప్పుడు పిలుద్దామనుకుంటే, ఆ కాలిని పక్కకు తిప్పి వేస్తూ, ఎద్దుల ముట్టెలు పట్టుకుని వెనక్కి నెడుతూ ఉండేవాడు. ఆ కాలు చూసి ఆగిపోయేవాణ్ణి. మాట ఇచ్చి వచ్చాను. అక్కడ మంచం మీద ఉన్న మనిషి కళ్ళు గుర్తొచ్చేవి. అయినా నిలబడ్డాను.

నీడ బండకు ఈ పక్కకు వచ్చింది. దూరంగా రైలు కూత వినిపించింది. హిందూపురం వెళ్ళే మధ్యాహ్నపు బండి అది. మేము ఎక్కవలసిన బండి.

ఆ తర్వాత చాలాసేపటికి గిలక ఆగింది. ఆయన ఎద్దులను విప్పి నీడన కట్టేసి, తలగుడ్డతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎవురప్పా నువ్వు? అప్పట్నుంచీ ఆడనే నిలబడుకోనుండావు. ఎవురి కోసరమో కాసుకోనుండావు అనుకుంటి."

నన్ను గుర్తుపట్టలేదు. ఒక్కసారి చూసిన ముఖం, అదీ తమ్ముడి పక్కన. నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ కదలకుండా విన్నాడు.

"దగ్గరికొచ్చి ఒక్క మాట పిల్చకూడదా సామీ" అన్నాడు చివరకు. కోపంగా అనలేదు. ఎద్దులను పక్క పొలం వాళ్ళకు అప్పజెప్పి, తడిసిన పంచెతోనే నాతో బయలుదేరాడు. నేను మెల్లగా నడవబోతే, "నా కాలి కోసరం సూడొద్దు, పద" అన్నాడు.

సాయంత్రం బండి కోసం పెనుకొండ స్టేషనులో కూర్చున్నాం. ప్లాట్‌ఫారం మీద మేము తప్ప మరెవరూ లేరు.

"పిలవొద్దని నీకెవురు చెప్పిరి?" అని అడిగాడు.

మీ తమ్ముడే అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. స్కాలర్‌షిప్ వచ్చిన రోజు, బండ దగ్గర్నుంచి వేసిన కేక, ఎద్దులు దూకడం, అతను నాతో ఎలా చెప్పాడో అలాగే చెప్పాను. ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"వాడు కేకేసినాడా? ఆ పొద్దు?"

"వేశానన్నాడు."

"నాకు ఇనపల్యా. గిలక కూతకు పక్కనోని మాటే ఇనపడదు, బండ కాణ్ణుంచి యాడ ఇనపడుతుంది? ఎద్దులూ దూకల్యా. మోకు పాతదప్పా. మార్చాల మార్చాల అనుకుంటానే ఉంటి. తెగింది, పడితి. తెగినాంక ఎద్దులు ముందుకు పడినాయి."

"మరి అతను అన్నేళ్ళు అలా బండ పక్కన నిలబడుతుంటే మీరేమనుకున్నారు?" అని అడిగాను.

"ఏమనుకుంటా. పెద్ద సదువు సదివినోడు. కుంటోణ్ణి అన్నా అని నలుగురిలో పిల్చడానికి నామోషీ అనుకుంటి. సరేలే, వాడు పిలవకపోతే ఏమి, నేనే పోతా అని పోయేవాణ్ణి."

బండి వచ్చే ముందు ఆయనే మళ్ళీ మాట్లాడాడు. "పోతానే చెప్తా. మోకు పాతదిరా చిన్నోడా అని చెప్తా." బండిలో కూర్చున్నాక కూడా ఆ మాటే ఇంకోసారి అన్నాడు, మరిచిపోతానేమో అన్నట్టు.

హిందూపురంలో దిగేసరికి దీపాలు పెట్టారు. ఆసుపత్రి వసారాలో నా భార్య నిలబడి ఉంది. ఆమె ముఖం చూస్తే చెప్పనవసరం లేకపోయింది. మేము రావడానికి కొంచెం ముందే పోయాడట. ఎవరి కోసమైనా అడిగాడా అంటే, లేదంది. ఎవరినీ పిలవలేదంది. మధ్యాహ్నం నుంచి వాకిలి వైపే చూస్తూ ఉన్నాడంది.

నేను లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. ముఖం మీదికి ఇంకా దుప్పటి కప్పలేదు. వెనక అడుగుల చప్పుడు రాకపోతే తిరిగి చూశాను. వాళ్ళన్న వాకిట్లోనే ఆగిపోయాడు. తలగుడ్డ చేతిలో పట్టుకుని, బాగున్న కాలి మీద బరువు వేసి, గడపకు అవతల నిలబడి తమ్ముణ్ణే చూస్తున్నాడు. లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు. ఎవరో ఒకరు తనను చూసి వచ్చేదాకా ఆగినట్టున్నాడు. వార్డులోవాళ్ళు చూస్తున్నారు.

ఈసారి నేను ఆగలేదు.

"అన్నా, లోపలికి రా" అన్నాను.

ఒక్క పిలుపుకే వచ్చాడు.